మాధవికి చెప్పమన్న మాట

మా బంధువుల్లో ఒక కథ స్థిరపడిపోయింది. మా పాప పుట్టేటప్పుడు మాధవి మొండికేసిందనీ, పెద్దవాళ్ళ మాట విననందుకే పగలూ రాత్రీ నరకం చూసిందనీ ఆ కథ. పెళ్ళిళ్ళలో, ఫోన్లలో, వాట్సాప్ గ్రూపుల్లో అది తిరుగుతూనే ఉంది. అది నిజం కాదు. నిజమేమిటో నాకు మొదటి నుంచీ తెలుసు. కాన్పుకు ముందు డాక్టరు మాధవికి చెప్పమని నాతో ఒక మాట చెప్పింది. నేను చెప్పలేదు. మర్చిపోయి కాదు, కావాలనే చెప్పలేదు.

మాధవి నా భార్య. పాపకిప్పుడు మూడేళ్ళు. ఆ కథను సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆసుపత్రి వరండాల్లో డాక్టర్లు హడావిడిగా చెప్పి వెళ్ళే మాటలు చాలాసార్లు మొగుళ్ళ చెవినే పడతాయి. వాటిని అక్కడే ఆపేసే హక్కు మనకు లేదని నాలాంటివాళ్ళకు చెప్పాలి.

ఆ నవంబరు

మేం ఢిల్లీలోని ద్వారకాలో ఉంటాం. నా ఆఫీసు గురుగ్రామ్‌లో. మాధవి ఎక్కువగా ఇంటి నుంచే పని చేసేది. మాది ఆలస్యపు పెళ్ళి. పిల్లల కోసం ఏళ్ళ తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగి, ఇక చాలనుకున్న సమయంలో మాధవికి నెల తప్పింది. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిది దాటాయి. ఈ వయసులో ఆపరేషనే అని అందరూ అనుకున్నారు, మాధవి తప్ప.

“ఇన్నేండ్లు నా ఒళ్ళు సూదులకు, మందులకు అప్పజెప్పిన రఘూ. ఈ ఒక్క పని నా ఒంటినే చెయ్యనియ్యి. బిడ్డకు కష్టమైతే కోస్తరు, నేనేమన్నా వద్దంటనా? కానీ ముందు నన్ను ప్రయత్నం చెయ్యనియ్యాలె” అంది.

మాధవిది నిజామాబాద్. వాళ్ళమ్మకు అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది, ప్రయాణం చేసే స్థితిలో లేదు. అందుకని పురుడు పొయ్యడానికి కాకినాడ నుంచి మా అమ్మ వచ్చింది. వస్తూ వస్తూ ఒక ముహూర్తం తెచ్చింది. మా సిద్ధాంతిగారు పెట్టింది. నెలాఖరులో, పుష్యమి నక్షత్రం ఉన్న ఒక ఉదయం. ఆ వేళకు ఆపరేషన్ చేయించి బిడ్డను తీయిస్తే జాతకానికి తిరుగుండదట. మా వైపు ఇది కొత్తేం కాదు. మా మేనత్త మనవళ్ళిద్దరూ అలా పుట్టినవాళ్ళే.

ఈ సంగతి అమ్మ బయలుదేరక ముందే నాకు ఫోన్లో చెప్పింది. “చూద్దాంలే అమ్మా” అన్నాను. మా ఇంట్లో నేను చూద్దాంలే అంటే సరే అని అర్థం. మాధవితో మాత్రం ఒక్క ముక్క అనలేదు. నేను చెప్పే ఉంటానని అమ్మ అనుకుంది.

ఆ రోజుల్లో గాలి ఎప్పటిలాగే పాడైంది. ఎదురు టవరు మసగ్గా కనపడేది. కింద పార్కులో మాధవి చేసే నడక ఆగిపోయింది. కిటికీలన్నీ మూసి, ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టుకుని హాల్లోనే ఉండేది. ఆమె సుఖం కోసమని నేనొక రిక్లైనర్ కుర్చీ తెప్పించాను. మీట నొక్కితే వీపు వెనక్కి వాలుతుంది, కాళ్ళు పైకి లేస్తాయి. మాధవి దాంట్లో వెనక్కి వాలి, లాప్‌టాప్ ముందు పెట్టుకుని రోజంతా పని చేసేది. “మహారాణీగారికి సింహాసనం కొన్నాడమ్మా మావాడు” అని అమ్మ నవ్వేది. నాకూ గర్వంగానే ఉండేది.

తొమ్మిదో నెల మొదట్లో స్కాన్‌కు వెళ్ళాం. స్కాన్ అయ్యాక మాధవి బాత్‌రూమ్‌కు వెళ్ళింది. మా డాక్టరు పంజాబీ ఆవిడ, యాభై దాటిన మనిషి. రిపోర్టు చూస్తుండగానే ఆవిడకు లేబర్ రూమ్ నుంచి ఫోనొచ్చింది. లేచి, తలుపు దగ్గర నిలబడి నాతో గబగబా చెప్పింది. బిడ్డ తల కిందికే ఉంది, అది మంచిదే. కాకపోతే బిడ్డ వీపు తల్లి వీపు వైపు ఉంది, మొహం పొట్ట వైపు చూస్తోంది. దీన్ని పోస్టీరియర్ అంటారు. భయపడాల్సిందేమీ లేదు, చాలామంది పిల్లలు నొప్పులు మొదలయ్యాక వాళ్ళంతట వాళ్ళే తిరుగుతారు. తిరగకపోతే నొప్పి నడుములో వస్తుంది, కాన్పు ఆలస్యమవుతుంది.

“వెనక్కి జారబడి కూర్చోవద్దని చెప్పండి. ముందుకు వంగి కూర్చోమనండి. రోజూ కాసేపు చేతులూ మోకాళ్ళ మీద ఉండమనండి. కింద ఫిజియోథెరపిస్టు చూపిస్తుంది. ఆప్ బతా దేనా, ఠీక్ హై?”

చెప్తానన్నట్టు “జీ” అన్నాను. ఆవిడ వెళ్ళిపోయింది.

మాధవి తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చింది. “ఏమన్నరు?”

“తల కిందికే ఉందట. అంతా బాగుందట.”

“ఇంకేం చెప్పలే?”

“ఇంకేముంటుంది?”

అదీ నేను చేసిన పని. అంతకన్నా పెద్ద అబద్ధాలు లోకంలో చాలా ఉంటాయి. కానీ ఈ అబద్ధం ఎందుకు ఆడానో చెప్పకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

ఆమె కంగారు పడుతుందని దాచానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కొంత నిజమే. ఇక్కడే కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదివిన రోజుల నుంచీ చెడ్డ వార్తను మెత్తబరిచి ఇంటికి చెప్పడం నాకు అలవాటు. పరీక్ష పోయిందనను, ఈసారి పోటీ ఎక్కువగా ఉందంటాను. కానీ ఆ రోజు నా తలలో తిరిగిన ఆలోచన అది కాదు. బిడ్డ తిరగకపోతే డాక్టరే ఆపరేషన్ అంటుంది. అమ్మ అడిగిన ముహూర్తానికే పెట్టించొచ్చు. మాధవితో నేను వాదించక్కర్లేదు, అమ్మకు నేను కాదనక్కర్లేదు. బిడ్డ ఎలా ఉందో అలాగే ఉండిపోతే నా పని సులువవుతుంది. ఇదీ ఆలోచన.

ఇంటికెళ్ళాం. మాధవి రిక్లైనర్లో వాలింది. మీట నేనే నొక్కాను.

మరుసటి వారం మా డాక్టరు తన ఇంట్లో పెళ్ళి అని సెలవులో ఉంది. ఆవిడ బదులు చూసిన అమ్మాయి బిడ్డ గుండె చప్పుడు విని, బీపీ చూసి పంపేసింది. నడుము పీకుతోందని మాధవి చెబితే ఈ నెలలో మామూలే అంది. నేను పక్కనే ఉన్నాను.

నొప్పులు

ముహూర్తానికి ఇంకా వారం పైనే ఉందనగా ఒకరోజు పొద్దున్నే మాధవి నడుము పట్టుకుని లేచింది. పొట్టలో నొప్పి లేదు. నడుము కింద, కూర్చునే ఎముక దగ్గర, లోపలి నుంచి ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుందని చెప్పింది. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది.

“అవి నొప్పులు కావే. నొప్పులైతే పొట్ట బిగిసి ముందుకి రావాలి. రాత్రి పప్పులో చింతకాయెక్కువైంది, వాతం చేసుంటుంది” అని అమ్మ వేడినీళ్ళ సంచీ తెచ్చింది.

డాక్టరు చెప్పిన మాట నాకు వెంటనే గుర్తొచ్చింది. నొప్పి నడుములో వస్తుందని ఆవిడ అన్న మాట. అప్పుడైనా చెప్పొచ్చు. “ఒకసారి ఫోన్ చేద్దాం” అని మాత్రం అన్నాను. అంతలో అమ్మ, “ప్రతీదానికీ డాక్టరేంట్రా” అనేసరికి ఊరుకున్నాను. ఆ పూటంతా మాధవి ఆ కుర్చీలో వెల్లకిలా వాలి పళ్ళ బిగువున ఓర్చుకుంది. మధ్యాహ్నం ఉమ్మనీరు పోయాక గానీ ఎవరికీ అనుమానం తీరలేదు.

పొల్యూషన్ పెరిగిందని పాత డీజిల్ కార్లు బయటికి తియ్యొద్దన్న రోజులవి. మా కారు బేస్‌మెంట్‌లోనే ఉంది. క్యాబ్ పిలిచాను. వెనక సీట్లో మాధవి కూర్చోలేక, ముందు సీటు వీపును కావలించుకుని మోకాళ్ళ మీద నిలబడింది. “సీటు బెల్టు పెట్టుకోవే తల్లీ” అని అమ్మ. డ్రైవరు అద్దంలో చూసి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా నడుపుతూ, “దీదీ కో జైసే ఆరామ్ లగే, వైసే రహనే దో మాతాజీ” అన్నాడు, ఎలా హాయిగా ఉంటే అలా ఉండనివ్వమని. ఆ పూట మాధవి పక్షాన మాట్లాడిన మొదటి మనిషి అతనే.

విచిత్రమేమిటంటే అలా ముందుకు వంగాక నొప్పి కాస్త ఓర్చుకోగలిగేలా ఉందని మాధవి అంది. ఎవరూ చెప్పకుండానే ఆమె ఒళ్ళు దారి వెతుక్కుంటోంది.

ఆసుపత్రిలో బిడ్డ గుండె చప్పుడు చూడ్డానికి పొట్టకు బెల్టులు కట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. ఇక మొదలైంది. మాధవి అంతగా అరవడం నేనెప్పుడూ వినలేదు. ప్రతి నొప్పికీ నడుము మంచం మీద నుంచి పైకి లేచేది. నన్ను కాసేపు బయటికి పంపారు.

బయట హాల్లో అమ్మ పక్కన నజఫ్‌గఢ్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ కోడలు కూడా లోపలే. లోపలి నుంచి అరుపు వినపడగానే అమ్మ సిగ్గుపడి ఆవిడకు సంజాయిషీ చెప్పుకుంది.

“హమారా కోడలు బహుత్ మొండి హై జీ. ముహూర్తం దియా, నై సునా.”

“మొండి క్యా హోవై?” అందావిడ.

అమ్మ తల పిడికిలితో కొట్టుకుని, బండరాయిలా మొహం పెట్టి చూపించింది. ఆవిడ పకపకా నవ్వి, “అరీ బహన్, చిల్లానే దే ఉసనే. బాలక్ జన రహీ సై, చోరీ నా కర్ రహీ” అంది. అరవనీ, బిడ్డను కంటోంది గానీ దొంగతనం చెయ్యట్లేదు కదా అని. తన ఫ్లాస్కులోంచి నాకు టీ పోసిచ్చింది. ఆ టీ తాగుతూ కూడా నేను అమ్మతో అనలేదు, మొండి కాదమ్మా, సంగతి వేరే అని. మాధవి కథకు ఆ పేరు పడింది అక్కడే. నా చేతిలో టీ గ్లాసుండగానే.

సాయంత్రం మా డాక్టరు వచ్చింది. నన్ను లోపలికి పిలిచారు. పరీక్ష చేసి ఆవిడ చేతి తొడుగులు తీస్తూ, “ఇంకా పోస్టీరియరే. నేను చెప్పిన ఎక్సర్‌సైజులు చేసిందా?” అని నన్నడిగింది.

మాధవి కళ్ళు తెరిచింది. “ఏ ఎక్సర్‌సైజులు?”

ఆ గదిలో అందరూ నా వైపే చూశారు.

“థోడా థోడా, మేడమ్” అన్నాను, కొద్దికొద్దిగా చేసిందన్నట్టు.

మాధవి నన్ను చూసింది. చాలాసేపేం కాదు. ఇంతలో మళ్ళీ నొప్పి వచ్చింది. నా చెయ్యి అక్కడే ఉంది. ఆమె మంచం కడ్డీ పట్టుకుంది.

నొప్పి తగ్గాక డాక్టరు ఆమెకు అన్నీ విడమరిచి చెప్పింది, నాకు చెప్పినదంతా, ఇంకొంచెం కూడా. బిడ్డ గుండె బాగుంది. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యొచ్చు, తప్పేం లేదు. లేదా కొంతసేపు చూడొచ్చు, భంగిమలు మారుస్తూ బిడ్డ తిరగడానికి చోటివ్వొచ్చు. బిడ్డ అలిసిపోతే మాత్రం ఆగేది లేదు. “ఫైస్లా తుమ్హారా” అంది, నిర్ణయం నీదేనని.

మాధవి చెమటతో తడిసిపోయి ఉంది. “బిడ్డ మంచిగున్నదా?”

“బిల్‌కుల్.”

“అయితే నేను చేస్త. ఏం చెయ్యాల్నో నాకే చెప్పండి” అంది. ‘నాకే’ అన్న మాట తెలుగులో అంది. అది డాక్టరుకు కాదు.

తలుపు దగ్గరకు అమ్మ వచ్చింది, చెవి దగ్గర ఫోను. అవతల సిద్ధాంతిగారు. “ఒరే, ఇవాళ నక్షత్రం అంత బాగాలేదుట. రేపు పొద్దున్న దాకా ఆపమంటున్నారు.”

“ఆపడానికి అదేమన్నా బస్సా అమ్మా?” అన్నాను. ఆ ఏడాది మొత్తంలో అమ్మతో నేనన్న గట్టి మాట అదొక్కటే.

తర్వాత జరిగినదాంట్లో నేను గర్వంగా చెప్పుకోగలిగిందేమైనా ఉంటే అది మాధవిదే. సిస్టర్ ఆమెను చేతులూ మోకాళ్ళ మీదకు తిప్పింది. మంచం తలవైపు పైకి లేపి, దాని మీద ఛాతీ ఆనించి మోకాళ్ళ మీద ఉండమంది. కాసేపు ఒక పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండ్లు పెట్టుకుని. కాసేపు నిలబడి, ఒక కాలు కుర్చీ మీద పెట్టి, ఆ వైపుకు మెల్లగా ఊగుతూ. ప్రతిసారీ మాధవి నొప్పి తగ్గేదాకా ఆగి, ఊపిరి పీల్చుకుని, “ఆ, ఇప్పుడు తిప్పండి” అనేది. ఒక్కసారి కూడా ఇక చాలు అనలేదు.

సిస్టర్ నా రెండు అరచేతులూ తీసుకుని మాధవి నడుము కింద ఎముక మీద పెట్టి, నొప్పి వచ్చినప్పుడల్లా గట్టిగా నొక్కమంది.

“ఇంక కిందికి” అంది మాధవి. “గట్టిగ. అగో, అక్కడ్నే. తియ్యకు.”

తియ్యలేదు. భుజాలు పట్టేశాయి, మణికట్లు వణికాయి, అయినా తియ్యలేదు. ఆ గదిలో నేను చెయ్యగలిగిన నిజమైన పని అదొక్కటే. మాధవి నాతో ఇంకేం మాట్లాడలేదు. కింద, పైన, గట్టిగ, అంతే.

చీకటి పడ్డాక గంటలు ఎలా గడిచాయో రాయలేను. ఒక దశలో ఆమె నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు అడిగి తీసుకుంది. ఇది కూడా మా వాళ్ళు తర్వాత ఆమె మీద ఒక మాటగా వాడారు, అంత మొండితనం ఎందుకు, చివరికి మందు తీసుకునేదానికి అని. ఈ స్థితిలో ఉన్న ఎవరైనా ఇది చదువుతుంటే ఒకటే చెప్తాను. ఆ మందు ఓటమి కాదు. దానితో ఆమెకు కాస్త నిద్ర పట్టింది, నిద్రతో బలం వచ్చింది. ఆ తర్వాత కూడా సిస్టర్ ఆమెను అటు పక్కకూ ఇటు పక్కకూ తిప్పుతూనే ఉంది.

తెల్లవారాక డాక్టరు చూసి, బిడ్డ సగం తిరిగిందని చెప్పింది. మిగతా సగం నొప్పి వచ్చినప్పుడు మాధవి ముక్కుతుంటే ఆవిడ చేత్తో మెల్లగా తిప్పింది. నేను మాధవి తల దగ్గర నిలబడ్డాను. కొంతసేపటికి పాప ఏడుపు వినపడింది. ఇద్దరం ఏడ్చాం. కానీ కలిసి కాదు, వేరువేరుగా ఏడ్చాం. ఆ తేడా నాకు అప్పుడే తెలిసింది.

బారసాల

పాప తల కొంచెం పొడుగ్గా సాగి పుట్టింది. నాలుగు రోజుల్లో సర్దుకుంటుందన్నారు, సర్దుకుంది. మాధవి నడుము మాత్రం సర్దుకోలేదు. వారాల తరబడి కూర్చోలేకపోయింది, నిలబడే పాలిచ్చేది. ఒక మధ్యాహ్నం నేను గదిలోకి వెళ్ళేసరికి గోడకు నుదురానించి నిలబడి ఉంది. “నాకే ఎందుకిట్ల అయింది? నా ఒళ్ళే మంచిది కాదేమో” అంది. నన్ను అడగలేదు, గోడతోనే అంది. నాకు జవాబు తెలుసు. వేడినీళ్ళ సంచీ తెస్తానని బయటికొచ్చాను.

బారసాలకు ఢిల్లీలో ఉన్న మావాళ్ళందరూ వచ్చారు. నా తమ్ముడు కిరణ్ నోయిడా నుంచి వచ్చాడు. పాపను ఊయల్లో వేశాక అమ్మ కథ మొదలుపెట్టింది.

“లక్షణంగా ముహూర్తం పెట్టించాను. వింటేనా? నార్మలూ నార్మలూ అని పట్టుబట్టి ఒళ్ళు హూనం చేసుకుంది. ఆసుపత్రంతా అదిరిపోయేట్టు అరిచింది. పిల్ల తల చూశారా, సొరకాయలా సాగిపోయింది.”

అందరూ నవ్వారు. మా పిన్ని, “మొండిదాన్ని చేసుకున్నావురా రఘూ” అంది.

నా చేతిలో లడ్డూల పళ్ళెం ఉంది. నేను కూడా నవ్వాను. “ఏం చేస్తాం పిన్నీ, అనుభవిస్తున్నా” అన్నాను.

మాధవి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. లడ్డూ మాత్రం తీసుకోలేదు.

డాక్టరు మాట దాచినందుకన్నా ఆ నవ్వుకు నేనెక్కువ సిగ్గుపడతాను. ముందరిది పిరికితనం. రెండోది ఆమె పేరుతో నన్ను నేను కాపాడుకోవడం. ఆ రోజు నుంచి ఆ కథ మా ఇంటి సామెతలా తయారైంది. ఎవరైనా మాట వినకపోతే, మాధవిలా మొండికెయ్యకు అనేవారు. మాధవి కాన్పు గురించి మాట్లాడడం మానేసింది. రిక్లైనర్లో మళ్ళీ కూర్చోలేదు. అది బాల్కనీలోకి చేరింది. పాప ఇప్పుడు దాని మీద జారుడుబండ ఆట ఆడుకుంటుంది. ఎవరైనా వచ్చి దాని మీద కూర్చోబోతే, “యే మేరా హై” అంటుంది.

ఈ ఏడు

కిరణ్ భార్య లావణ్యకు ఈమధ్య నెలలు నిండుతున్నాయి. అమ్మ మళ్ళీ వచ్చింది. ఒక ఆదివారం అందరూ మా ఇంట్లో భోజనానికి చేరారు. లావణ్య తన డాక్టరు చెప్పిన సంగతి చెప్పింది. బిడ్డ పోస్టీరియర్‌గా ఉందట.

“అదేం చోద్యమో, నాకు తెలీదు గానీ,” అంది అమ్మ, “సిద్ధాంతిగారితో మాట్లాడాను. మంచిరోజు చూసి ఆపరేషన్ చేయించేసుకో. మీ అక్కలా మొండికెయ్యకు. అది పడ్డ బాధ మేం చూశాం కదా.”

లావణ్య భయంగా మాధవి వైపు చూసింది. మాధవి పెరుగు గిన్నె పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ పని ఏమీ లేదు. పంపు తిప్పిన చప్పుడు వినిపించింది, చాలాసేపు.

ఆ నీళ్ళ చప్పుడు వింటూ నాకు అర్థమైంది, నా అబద్ధం ఇప్పుడు ఇంకో మనిషి కాన్పు మీద కూర్చోబోతోందని.

రెండు రోజుల తర్వాత లావణ్యకు వదులు కుర్తాలు కొనడానికి నేనూ మాధవీ సరోజినీ నగర్ బజారుకు వెళ్ళాం. జనం తోసుకుంటున్నారు. బట్టల గుట్ట ముందు మాధవి ఒక కుర్తా ఎత్తి కుట్టు చూస్తోంది. ఇంట్లో మూడేళ్ళుగా రాని ధైర్యం ఆ రద్దీలో వచ్చింది.

“మాధవీ, అప్పుడు డాక్టరు నీకు చెప్పమని నాతో ఒక మాట చెప్పింది. నేను చెప్పలేదు.”

ఆమె కుర్తా మడత విప్పుతూనే ఉంది. “ఎరుకే.”

“ఎప్పటి నుంచి?”

“థోడా థోడా అన్నవ్ చూడు, అప్పట్నించి.” కుర్తాను దుకాణం అబ్బాయికి తిరిగిచ్చి, “ఇస్‌మే బడా సైజ్ దిఖావో భయ్యా” అని, నా వైపు తిరిగింది. “ఎందుకు చెప్పలేదో అది మాత్రం ఎరుక లేదు.”

ముహూర్తం సంగతి చెప్పాను. బిడ్డ తిరగకపోతే బాగుండని అనుకున్నట్టు కూడా చెప్పాను. వెనక నుంచి ఎవరో నన్ను నెట్టుకుంటూ పోయారు. మాధవి మొహం తెల్లబోయింది. అది మాత్రం ఆమె ఊహించలేదు.

“నా ఒళ్ళే చెడ్డదనుకున్న రఘూ, మూడేండ్లు” అంది చివరికి.

“క్షమించు” అన్నాను.

“ఈడ వద్దు. నాకు ఒక్కదానికే వద్దు. ఎవరి ముందట నవ్వినవో వాళ్ళ ముందట చెప్పు.”

ఆ వారంలోనే లావణ్య డాక్టరు దగ్గరికి వెళ్తుంటే ఆమెను అడిగి నేనూ తోడు వెళ్ళాను. ఆ డాక్టరు మా పాత డాక్టరే. కాన్పుకు ముందు చేసే భంగిమలతో బిడ్డ తిరిగి తీరుతుందని చెప్పలేమనీ, కుర్చీ వల్లే తిరగలేదని కూడా అనలేమనీ ఆవిడ చెప్పింది. తిరగనివాళ్ళు ఏం చేసినా తిరగరు, చాలామంది వాళ్ళే తిరుగుతారు. నొప్పుల్లో మాత్రం ముందుకు వంగడం, చేతులూ మోకాళ్ళ మీద ఉండడం నడుముకు ఊరటనిస్తాయి. ఒకప్పుడైతే ఈ మాట పట్టుకుని, చూశారా నా తప్పేం లేదు అనేవాణ్ణి. ఇప్పుడు అనను. నేను చెప్పి ఉంటే, ఆ పొద్దున్న నడుము పట్టుకుని లేచినప్పుడు అది ఏమిటో మాధవికి తెలిసి ఉండేది. వాతం కాదని తెలిసేది. వెల్లకిలా పడుకోనని మొదటి గంటలోనే అనేది. తన ఒళ్ళు చెడ్డది కాదని తెలిసేది. బిడ్డ తిరిగినా తిరగకపోయినా అవన్నీ ఆమెకు చెందాల్సినవి.

లావణ్య అన్నీ తనే విని, తనే అడిగి, బయటికొచ్చాక అంది, “బావగారూ, నేను ప్రయత్నిస్తా. కుదరకపోతే ఆపరేషన్. ముహూర్తం మాత్రం నా బిడ్డది.”

తర్వాతి ఆదివారం మళ్ళీ అందరూ వచ్చారు. పిన్నిని నేనే పిలిచాను. భోజనాలయ్యాక ఎవరూ లేవకముందే మాట్లాడాలని ఉందన్నాను. పాప బాల్కనీలో ఆ కుర్చీ మీద జారుతోంది.

“ఏంట్రా, ట్రాన్స్‌ఫరా?” అంది పిన్ని.

“కాదు పిన్నీ. మాధవి కాన్పు సంగతి.”

“ఇప్పుడెందుకురా అవన్నీ” అంది అమ్మ.

“ఇప్పుడే చెప్పాలమ్మా. ఆపకు.”

మాధవి గోడకు ఆనుకుని నిలబడి ఉంది, బారసాల నాడు నిలబడినట్టే. నేను ఆమె వైపు తిరిగాను. ముందే అనుకున్న మాటలన్నీ పోయాయి. మిగిలినవి చెప్పాను.

“మాధవి మొండికెయ్యలేదు. బిడ్డ ఎలా తిరిగి ఉందో, తనేం చెయ్యొచ్చో తనకు చెప్పమని డాక్టరు నాకు చెప్పింది. నేను దాచాను. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే అబద్ధమాడాను. బారసాల రోజున మీరందరూ నవ్వితే, నిజం తెలిసినవాణ్ణి, నేను కూడా నవ్వాను.”

అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటోంది. అయిపోయిందనుకున్నాను.

“ముహూర్తం సంగతి” అంది మాధవి.

అమ్మ ముందు అది చెప్పడం అన్నిటికన్నా కష్టం. మాధవికి అది తెలుసు.

“అమ్మ ముహూర్తం చెప్తే సరేనన్నాను. మాధవికి చెప్పలేదు. బిడ్డ తిరగకపోతే ఆపరేషన్ అదే వస్తుంది, ఎవరితోనూ వాదించక్కర్లేదనుకున్నాను. అమ్మా, ఇందులో నీ తప్పు లేదు. నీకు కాదని చెప్పాల్సింది నేను.” తర్వాత మాధవితో అన్నాను, అందరికీ వినపడేలా. “నీ ఒళ్ళు మంచిది. అది చెయ్యాల్సిందంతా చేసింది. చెయ్యాల్సింది చెయ్యనిది నేను. నన్ను క్షమించు, మాధవీ.”